ముకున్ కోసిన ఆకు

ఒక మాట ముందే ఒప్పేసుకుంటాను. నాకు టీ రుచి తెలీదు. చైనాలోని ఫెంగ్‌హువాంగ్ కొండ మీద పుట్టి పెరిగినదాన్ని, ఈ మాట పైకి అన్నానంటే మా అమ్మ నన్ను కొండ దింపేస్తుంది. మా ఊళ్ళో పిల్లలు పాలు మానడం, టీ మొదలెట్టడం ఒకేసారి జరుగుతాయి. ఖాళీ కప్పు వాసన చూసి ఇది ఫలానా చెట్టుదని చెప్పేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. నాకు మాత్రం అన్నీ వేడినీళ్ళే. అందుకేనేమో, అందరూ కప్పులోకి చూస్తుంటే నేను పోసే చేతిని చూస్తూ కూర్చుంటాను. ఈ కథ అలాంటి ఒక చేతిది.

సూచిన్ బస్సు దిగేసరికి ముసురు విడిచి ఎండ కాస్తోంది. భుజాన సంచి, చేతిలో గొడ్డుమాంసం ఉండల పొట్లం. కింద చావ్‌జో పట్నంలో ఆమె రెండో భర్తకి ఆ ఉండల కొట్టుంది. పైకి వచ్చిన ప్రతిసారీ ఒక పొట్లం తెస్తుంది. మొదటి భర్త తల్లి షీజావ్ ప్రతిసారీ రెండు చేతులా అందుకుని, "ఎందుకండీ మీకీ శ్రమ" అంటుంది. ఆ "అండీ" సూచిన్‌కి ఇంకా అలవాటు కాలేదు.  

మామూలుగా అయితే సమాధులు శుభ్రం చేసే పండక్కి మాత్రమే వస్తుంది. ఈసారి పండగ లేదు. ముందురోజు ఆడపడుచు యాన్‌ఫెన్ ఫోన్ చేసింది.

"వదినా, అమ్మకి వాసన తెలీడం లేదు."

"జలుబా?"

"జలుబుకి నీకు ఫోన్ చేస్తానా? చలికాలంలో జ్వరం వచ్చింది చూడు, అప్పట్నించే. ఎవరికీ చెప్పలేదు. మొన్న గిన్నె మాడి ఇల్లంతా కమ్మేస్తే, పక్కింట్లోంచి జూషెన్ బాబాయ్ కేకలేసేదాకా ఈవిడకి తెలీదు. పోయిన నెల బుట్టెడు మంచి టీకి పొగ పట్టించేసింది. అడిగితే బొగ్గు మంచిది కాదంది."

"తప్పు బొగ్గుదందా?"

"బొగ్గు ఎదురు చెప్పదుగా." యాన్‌ఫెన్ గొంతు తగ్గించింది. "వానలకి అన్నయ్య డబ్బాలోకి చెమ్మ దిగింది. రేపు దానికి సెగ పెడతానంటోంది. నేను పెడతానే అంటే, నీది అంగడి ముక్కు, పోవే అంది. ఫోన్ ముందు కూర్చుని టీ అమ్ముకునేదాన్ని, నాకు మాత్రం ఏం తెలుసు? వదినా, ఆ డబ్బా కూడా పోతే..."



ముకున్ షీజావ్‌కి కొడుకు, సూచిన్‌కి మొదటి భర్త. ఆ డబ్బాలో ఉన్నది అతను కోసిన ఆఖరి ఆకు.

వాళ్ళ ఇంటి వెనక వాలులో ముత్తాతల నాటి టీ చెట్టు ఉంది. పొద కాదు, చెట్టే. నిచ్చెన వేసుకుని కొయ్యాలి. దాని ఆకు దానికే విడిగా ఆరబెట్టి, విడిగా వేపి, విడిగా డబ్బాలో పెడతారు. పక్క చెట్టు ఆకు ఒక్కటి కలిసినా షీజావ్ ఊరుకునేది కాదు. ఏళ్ళ కిందట ఒక వసంతంలో, మధ్యాహ్నం, ఎండ బాగా కాస్తుండగా, ముకున్ ఒక బుట్ట నింపి కింద ఉన్న సూచిన్‌కి అందించాడు. "బరువుగా ఉంది, చూసి పట్టుకో" అన్నాడు. రెండో బుట్ట కోసం పై కొమ్మకి జరుగుతుండగా నిచ్చెన కాలు జారింది.

ఆస్పత్రి దాకా వెళ్ళలేదు. బయట ప్రాణం పోయినవాణ్ణి గడప దాటించకూడదు కాబట్టి వాకిట్లో పట్టా కప్పి, దాని కింద పడుకోబెట్టారు. ఊరంతా వచ్చింది. ఎవరో ధూపం తెచ్చారు, ఎవరో తెల్లబట్ట తెచ్చారు. చీకటి పడుతుండగా షీజావ్ లేచి లోపలికెళ్ళింది. సూచిన్ వెనకాలే వెళ్ళింది. లోపలి గదిలో వెదురు చేటల మీద మధ్యాహ్నం కోసిన ఆకు పరిచి ఉంది. ఆ గొడవలో ఎవరు పరిచారో ఇప్పటికీ తెలీదు. ఎండకి మెత్తబడి, అంచులు వాలిపోయి, సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

"ఆకు చచ్చిపోద్ది" అంది షీజావ్.

చేతులు కడుక్కుని చేట ముందు కూర్చుంది. సూచిన్ ఎదురుగా కూర్చుంది.

కోసిన ఆకు ఎవరికోసమూ ఆగదు. తెల్లవార్లూ దాన్ని రెండు చేతులా ఎత్తి వదలాలి, ఒకదానికొకటి తగిలించాలి, మళ్ళీ పరిచి ఊపిరి తీసుకోనివ్వాలి. గట్టిగా పట్టుకుంటే నలిగి చేదెక్కుతుంది. వదిలేస్తే పచ్చిగానే ఉండిపోతుంది. తగిలిన అంచు ఎర్రబడాలి, నడుమ పచ్చగా మిగలాలి. ఊలాంగ్ టీ అంటే అదే, సగంలో ఆపడం తెలియడం. ఎక్కడ ఆపాలో కంటికి తెలీదు, ముక్కుకి తెలుస్తుంది. గడ్డి వాసన పోతుంది, పచ్చికాయ వాసన వస్తుంది, అదీ పోయి ఒక్కసారిగా గదంతా పువ్వవుతుంది. ఆ రాత్రి ఆ పువ్వు వచ్చేదాకా ఇద్దరూ కూర్చున్నారు. మధ్యమధ్య ఒకరు లేచి వాకిట్లో ధూపం వెలిగించి వచ్చేవారు. ఇద్దరూ ఏడవలేదు. ఆకు మీద తడి పడకూడదు.

"కొడుకుని వాకిట్లో పెట్టుకుని టీ చేసుకుంటోంది, ఇదేం గుండె తల్లీ" అని బయట ఎవరో అన్నారు. షీజావ్ విన్నది. చెయ్యి ఆగలేదు. వెలుగు రాకముందే వేడి బాణలిలో ఆకు తిప్పి, నలిపి, ఆరబెట్టి, అప్పుడు బయటికొచ్చి కొడుకు పాదాల దగ్గర కూలబడింది.

ఆ టీ అమ్మలేదు, తాగలేదు. డబ్బాలో పెట్టింది. ఏటా వానలు వెళ్ళాక తీసి సెగ పెడుతుంది, చెమ్మ పోగొట్టి మళ్ళీ మూసేస్తుంది. సెగ పెట్టిన ప్రతిసారీ కొంత పొడైపోతుంది. సెగ లేకపోతే బూజు, సెగ పెడితే పొడి. బుట్టెడు ఆకు ఇన్నేళ్ళలో దోసెళ్ళలోకి వచ్చింది.

కొన్నేళ్ళకి సూచిన్ మళ్ళీ పెళ్ళి చేసుకుంది. షీజావ్ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు, తలుపు మూయలేదు. తిట్టి ఉంటే బాగుండేదని సూచిన్ చాలాసార్లు అనుకుంది. తిట్లు ఇంట్లోవాళ్ళకే కదా.

*

సూచిన్ గుమ్మం చేరేసరికి ఇంటి ముందుగదిలో టీ బల్ల చుట్టూ ముగ్గురు కూర్చుని ఉన్నారు. షీజావ్ పోస్తోంది. యాన్‌ఫెన్ ఫోన్ చూస్తోంది. పక్కింటి జూషెన్ బాబాయ్ ఎప్పటిలాగే కాళ్ళు చాపుకుని, తన సొంత ఇంట్లో కన్నా హాయిగా ఉన్నాడు.

"అక్కా, ఆకు అలిసిపోయినట్టుంది, మార్చరాదూ" అంటున్నాడు.

"మూడో నీళ్ళకే అలిసిపోద్దా? అలిసింది నీ నాలుక. నీకు మారుస్తూ కూర్చుంటే ఈ కొండ మీద చెట్లు చాలవు."

"మనిషొస్తే ఆకు మార్చాలనేది మర్యాద."

"మనిషొస్తే. పొద్దునా సాయంత్రం వచ్చేవాణ్ణి మనిషనరు, కుర్చీ అంటారు."

యాన్‌ఫెన్ ఫక్కున నవ్వింది. సూచిన్‌కి కూడా గుమ్మం దగ్గరే నవ్వు వచ్చింది. అంతలో షీజావ్ తలెత్తి చూసింది. చూసి, లేచి నిలబడింది.

"రండి, రండి. ఎండన పడి వచ్చినట్టున్నారు. కూర్చోండి."

ఆవిడ చెయ్యి, ఆకు నానుతున్న మూత కప్పు మీదికి వెళ్ళింది. మూడో నీళ్ళంటే అదే ఆకు మీద మూడోసారి పోసినవి, ఆకు అప్పుడే పూర్తిగా విచ్చుకుని తన గుట్టంతా చెప్పే వేళ. షీజావ్ ఆ ఆకుని పారబోత గిన్నెలోకి తిరగేసి, కప్పులు వేడినీళ్ళతో కడిగి, కొత్త ఆకు తీసింది. పాస్‌వర్డ్ మార్చినంత మామూలుగా.

"మార్చకండి అత్తయ్యా, ఆకు బాగానే ఉందిగా" అంది సూచిన్. ప్రతిసారీ అంటుంది.

"అయ్యో, మా ఇంటికొచ్చినవాళ్ళకి వాడిన ఆకు పోస్తామా?" ప్రతిసారీ ఇదే జవాబు.

"చూశావా" అన్నాడు జూషెన్ బాబాయ్ యాన్‌ఫెన్‌తో, "పట్నం మనిషొస్తేగానీ మనకి కొత్తాకు లేదు." ఆయన వేళాకోళానికే అన్నాడు. యాన్‌ఫెన్ నవ్వలేదు. తల్లి ఎదురుగా ఆమె సూచిన్‌ని వదినా అనదు, పేరు పెట్టీ పిలవదు. నీళ్ళ గిన్నె కింద ఆలివ్ గింజల బొగ్గు ఎగదోస్తూ కూర్చుంది.

మూడు కప్పులు. ఎందరున్నా మూడే, వంతులవారీగా తాగుతారు. షీజావ్ వాటి మీద గుండ్రంగా, ఒకదానికి ఎక్కువ ఒకదానికి తక్కువ కాకుండా, ఆఖరి చుక్కలు కూడా పంచి పోసింది. మొదటి కప్పు సూచిన్ వైపు జరిపింది. పరాయివాళ్ళకే మొదటి కప్పు.

జూషెన్ బాబాయ్ ఒకటి ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఆహా, నారింజ పువ్వు."

షీజావ్ మూత ఎత్తి వాసన చూసింది. "నారింజ పువ్వే" అని తలూపింది.

సూచిన్ గమనించింది. ఇదివరకు ముందు వాసన చూసేది, ముందు చెప్పేది షీజావే. ఎవరైనా తనకన్నా ముందు నోరు తెరిస్తే కసురుకునేది. ఇప్పుడు ఎవరో ఒకరు చెప్పేదాకా ఆగి, తర్వాత తలూపుతోంది.

*

భోజనానికి గంజి, ఊరేసిన ముల్లంగి, సూచిన్ తెచ్చిన మాంసం ఉండలు. జూషెన్ బాబాయ్ కునుకు తియ్యడానికి వెళ్ళాక షీజావ్ సెగ గది తలుపు తెరిచింది. నేలలో తవ్విన గుంటలో లిచీ కర్ర బొగ్గు పొద్దుటే రాజేసి, పొగంతా పోయాక పైన తెల్లటి బూడిద దుప్పటిలా కప్పి ఉంది. నిప్పు కనబడదు, చెయ్యి చాపితే తెలుస్తుంది. పక్కన నడుము సన్నగా ఉన్న వెదురు సెగ బుట్ట.

సూచిన్ గుమ్మం దాకా వెళ్ళింది.

"మీకు వేడి తగులుద్ది, ఇక్కడ కూర్చోండి" అంటూ షీజావ్ గుమ్మం అవతల పీట వేయించింది.

గడప. ఒకప్పుడు ఈ గదిలో, ఆ గుంట పక్కన ఆ ఇటుక మీదే కూర్చునేది. షీజావ్ ఆమె చెయ్యి పట్టుకుని బుట్ట పక్కకి ఆనించి, "వేడిని వేళ్ళతో చూడకు, మణికట్టుతో చూడు, మొద్దుదానా" అని తిట్టిన చోటు అది. సూచిన్ పీట మీద కూర్చుంది.

యాన్‌ఫెన్ వేడి కొలిచే పరికరం పట్టుకొచ్చి, తుపాకీలా గుంట వైపు గురిపెట్టి అంకె చదివింది.

"అవతల పెట్టవే దాన్ని" అంది షీజావ్.

"అది అబద్ధం చెప్పదమ్మా."

"నిజం కూడా సగమే చెప్పుద్ది. వేడి చెప్పుద్ది. ఆకు ఏమనుకుంటోందో చెప్పుద్దా?"

అని అటు తిరిగిపోయింది. తన మాట తనకే తగిలినట్టు.

అటక మీంచి డబ్బా తీసింది. మూత చుట్టూ కట్టిన గుడ్డ విప్పింది. ముదురు రంగు ఆకు, సన్నగా మెలి తిరిగి, చేటలో పోస్తే ఎండుపుల్లల్లా చప్పుడైంది. సూచిన్‌కి గుమ్మం దగ్గరికే చెమ్మ వాసన తగిలింది, తడిసిన గోనె వాసన. షీజావ్ దోసెడు తీసుకుని మొహం అందులో పెట్టి చాలాసేపు ఉంది. ఇన్నేళ్ళూ అలాగే చేసేది. ఇప్పుడు మొహం ఎత్తాక కళ్ళు ఎటు చూడాలో తెలియనట్టున్నాయి.

ఆకు పలచగా పరిచి, బుట్టని గుంట మీద పెట్టింది.

కాసేపు ఏమీ లేదు. నిప్పు ఒకచోట చిటుక్కుమంది. గోనె వాసన మెల్లగా సన్నబడింది. సూచిన్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది, లోపల మాత్రం అంగుళం అంగుళం ముందుకి జరుగుతోంది. ఇప్పుడు ఆకు తిప్పాలి. షీజావ్ తిప్పలేదు. మణికట్టు బుట్టకి ఆనించి వేడి చూసింది, సరిపోయిందనుకుంది, కూర్చుంది.

తిప్పాలి అని తను అనొచ్చా? ఇంకొకరి ఇంటి నిప్పు దగ్గర అతిథి నోరు తెరవకూడదు. కోడలు తెరవొచ్చు. తిట్లు తింటుంది, కానీ తెరవొచ్చు. ఈ ఇంట్లో తను ఇప్పుడు ఏమిటో పొద్దున్నే కొత్తాకు పోసి చెప్పారు. నోరు తెరిస్తే ఆవిడ దాచుకున్నది కూతురి ముందే బయట పడుతుంది. తెరవకపోతే డబ్బా పోతుంది.

యాన్‌ఫెన్ గోడకి ఆనుకుని వదిన మొహంలోకి చూస్తోంది.

అప్పుడు వచ్చింది వాసన. వెంట్రుక మందాన. వెంట్రుక కాలినట్టే. ఇన్నిసార్లు సెగ తిన్న ఆకు పెళుసెక్కి, దాని ముక్కేదో అల్లిక సందులోంచి జారి బూడిదలో పడింది. కంటికి ఏమీ కనబడటం లేదు. ఇంకాసేపట్లో కనబడుతుంది, కానీ అప్పటికి ఆ పొగ పైకెక్కి ఆకులోకి దిగిపోతుంది. దిగిన పొగని మళ్ళీ తియ్యలేరు.

షీజావ్ కదలలేదు. ప్రశాంతంగా నిప్పు వైపు చూస్తూ కూర్చుంది.

సూచిన్ గడప దాటింది. పరిగెత్తలేదు. రెండు చేతులా బుట్ట నడుము పట్టుకుని, కుదుపు లేకుండా ఎత్తి, పక్కనున్న చేటలో దింపింది. పుల్లతో బూడిద కదిపి, కాలుతున్న ముక్క ఎక్కడుందో వెతికి, పట్టకారుతో తీసి బయట పడేసింది. మళ్ళీ బూడిద కప్పింది. అప్పుడుగానీ తను ఏం చేసిందో తనకి అర్థం కాలేదు. మోకాళ్ళ మీద, చేతుల నిండా బూడిదతో, తలెత్తకుండా ఉండిపోయింది.

 బయట కోడి ఒకటి ఎందుకో అరిచింది.

"పొగా?" అంది షీజావ్. గొంతు చాలా చిన్నగా ఉంది.

"పొగే."

"ఆకుని తాకిందా?"

సూచిన్ వంగి బుట్టలో మొహం పెట్టింది. అడుగు దాకా ఊపిరి లాగింది. "తాకలేదు."

"నిజం చెప్పు."

"తాకలేదు అత్తయ్యా."

షీజావ్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతుల వెనక చర్మం సెగకి ముదిరి తోలులా ఉంది.  యాన్‌ఫెన్ ఏదో అనబోతే సూచిన్ కళ్ళతో వద్దంది.

ముసలావిడ నేల వైపు చూస్తూ అంది. "ఇప్పుడు ఏమంటోంది?"

"గోనె వాసన పోయింది. కింద ఎండుద్రాక్షలాంటిది మొదలైంది. ఇంకా మగతగా ఉంది."

"అయితే తిప్పి పెట్టు. ఎడంపక్క నిప్పు ఎక్కువ, బూడిద మందంగా పొయ్యి."

సూచిన్ తిప్పింది. బూడిద పోసింది. బుట్ట మళ్ళీ నిప్పు మీదికెక్కింది. ఈసారి సూచిన్ పీట దగ్గరికి వెళ్ళలేదు, ఇటుక మీద కూర్చుంది. వెళ్ళమని ఎవరూ అనలేదు.

"ఇప్పుడు?"

"ఎండు నారింజ తొక్క."

"ఇప్పుడు?"

"తొక్కే. కొంచెం తేనె."

"ఆ తేనె వచ్చాక తొందరపడుద్ది. జాగ్రత్త. ఇప్పుడు?"

ఎండ కిటికీలోంచి గోడ మీదికి జరిగింది. ఒకరు అడుగుతున్నారు, ఒకరు చెబుతున్నారు. బుట్ట దించడం, తిప్పడం, ఎక్కించడం. ఆ రాత్రిలాగే ఎదురెదురుగా. ఆ రాత్రి మాటలు లేవు, అంతే తేడా. ఉన్నట్టుండి సూచిన్ మాట మధ్యలో ఆగిపోయింది. బుట్టలోంచి కాగిన చక్కెర వాసన తేలింది, కాలడానికి ఒక్క అడుగు ముందు ఉండేది. దాని వెనక, ఎన్నో ఏళ్ళ కింద మూతపడిన ఒక గది తలుపు తీసినట్టు, ఆ పువ్వు.

"ఏమైందే?" అంది షీజావ్.

"చాలంటోంది."

"దించు."

*

వేడి మీదున్న టీని వెంటనే తాగకూడదు, నిప్పు గొంతులో గుచ్చుకుంటుంది. కానీ సెగ సరిగా పడిందో లేదో చూడటానికి చిటికెడు తీసి పోసుకోవడం ఉంది. ఆకు చల్లారుతుండగా షీజావ్ యాన్‌ఫెన్‌ని నీళ్ళు పెట్టమంది. "ఈసారి ఇది రుచి చూద్దాం" అంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

సూచిన్ ఆ మాట వినగానే లేచింది. "చెట్టు దగ్గరికెళ్ళి వస్తాను" అని పెరటి దారి పట్టింది. నిజానికి చెట్టు కోసం కాదు. తను ఆ బల్ల దగ్గరికెళ్తే ఆకు మార్చాలి. ఆ డబ్బాలోంచి ఇంకో చిటికెడు తన మర్యాద కోసం పోవడం ఆమెకి ఇష్టం లేదు. అది పోస్తూ ఆవిడ "తీసుకోండి" అంటే వినగలదో లేదో కూడా తెలీదు. టీ దక్కింది, అది చాలు. వాళ్ళు తాగేశాక సంచి తీసుకుని, గుమ్మంలోంచే చెప్పి, ఆఖరి బస్సు పట్టుకుంటుంది.

చెట్టు కొత్త చిగురు వేసి ఉంది. దానికి నిచ్చెన వేసినవాళ్ళు ఆ తర్వాత ఎవరూ లేరు. సూచిన్ మొదలు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. చేతి మసి బెరడుకి అంటింది.

తిరిగి వచ్చేసరికి వాళ్ళు తాగేసి ఉంటారనుకుంది.  టీ ఇంకా నడుస్తోంది. జూషెన్ బాబాయ్ కునుకు తీసి వచ్చేశాడు, వాసనకి వచ్చాడో అలవాటుకి వచ్చాడో. మూడు కప్పులూ ఖాళీ అయి ఉన్నాయి, రెండో నీళ్ళు తాగేసినట్టున్నారు. ఆయన మొహంలో వేళాకోళం లేదు. ఏ ఆకో చెప్పినట్టున్నారు.

సూచిన్ గోడ పక్క సంచి అందుకుంది. "నేనింక వెళ్తాను..."

జూషెన్ బాబాయ్ సర్దుకుని కూర్చున్నాడు. పెద్దమనిషి, మర్యాద తెలిసినవాడు. "అక్కా, మనిషొచ్చింది" అన్నాడు మెల్లగా. "ఆకు మార్చాలి కదా."

యాన్‌ఫెన్ చెయ్యి నీళ్ళ గిన్నె మీద ఆగిపోయింది.

షీజావ్ చెయ్యి మూత కప్పు మీదికి వెళ్ళింది. మూత తీసింది. లోపల ఆకు విచ్చుకుని ఉంది, అంచులకి ఆ పాత ఎరుపు. పారబోత గిన్నె పక్కనే ఉంది. ఆ చెయ్యి ఎటు తిరుగుతుందోనని మిగతా ముగ్గురూ చూస్తున్నారు. సూచిన్ సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది.

షీజావ్ నీళ్ళ గిన్నె అందుకుని, అదే ఆకు మీద మరుగుతున్న నీళ్ళు పోసి, మూత పెట్టింది.

మూడో నీళ్ళు.

డబ్బాలో ఆకు తక్కువ కదా, అందుకే అనుకుంది సూచిన్. అంతకన్నా ఏమీ అనుకోకుండా తనని తాను ఆపుకుంది. షీజావ్ కప్పుల మీద గుండ్రంగా పోసింది. ఆఖరి చుక్కలు పంచింది. ఒక కప్పు తన ముందుకి, ఒకటి యాన్‌ఫెన్ ముందుకి, ఒకటి ఎవరూ లేని పీట ముందుకి జరిపింది.

జూషెన్ బాబాయ్ ఖాళీ చేతులు చూసుకున్నాడు. "మరి నేను?"

"నువ్వాగు. నీకు కావాలంటే ఆకు మారుస్తాను."

ఆయన మొహం మాడిపోయింది. "వద్దక్కా! నేనేమన్నా పరాయివాణ్ణా?"

"అయితే నీ వంతు వచ్చేదాకా కూర్చో." అని, గుమ్మం వైపు తలెత్తకుండానే కసిరింది. "మసి చేతులేసుకుని అలా నిలబడ్డావేమే? కడుక్కోవాలని తెలీదా? ఆ సంచి అవతల పడేసి కూర్చో. చల్లారిపోతోంది."

సూచిన్ కూర్చుంది. చేతులు కడుక్కోలేదు.  కప్పు ఎత్తింది. మసి వేళ్ళ ముద్రలు తెల్ల కప్పు మీద పడ్డాయి. మూడు గుక్కల్లో తాగింది. వేడి గొంతులోంచి దిగింది, దిగిన దారిలోనే కాసేపటికి తీపి తిరిగి పైకి వచ్చింది.

షీజావ్ కళ్ళు మూసుకుని ఉంది. "గొంతులో తెలుస్తోంది" అంది. "తీపి తిరిగొచ్చింది. అది పోలేదు నాకు. పైనది తెలీడం లేదు." ఖాళీ కప్పు సూచిన్ వైపు చాపింది. "ఏముందో చెప్పు."

సూచిన్ ఆ కప్పుని రెండు చేతులా ముక్కు దగ్గర పెట్టుకుంది. ముందు బొగ్గు వచ్చింది. అది పోయేదాకా ఆగింది. నారింజ తొక్క, తేనె. అవి కూడా పోయేదాకా ఆగింది. అడుగున, చల్లారుతున్న పింగాణీ మీద, ఎండ ఉంది. ఆ మధ్యాహ్నపు ఎండ, బుట్టలో పైదాకా నిండిన ఆకు, దాన్ని కిందికి అందిస్తున్న చేతుల చెమట.

"చెప్పవే" అంది షీజావ్.

"బరువుగా ఉంది అత్తయ్యా" అంది సూచిన్. "చూసి పట్టుకోమంటోంది."

 షీజావ్ నీళ్ళ గిన్నె అందుకుని అదే ఆకు మీద నాలుగో నీళ్ళు పోసింది. ఆఖరి బస్సు హారన్ కింద మలుపులో వినబడింది. ఎవరూ లేవలేదు.

నాకు టీ రుచి తెలీదని ముందే చెప్పాను, కాబట్టి అది ఎలా ఉందో నన్నడగకండి. నేనే మిమ్మల్ని అడుగుతాను. మీ ఇళ్ళలో కూడా మర్యాద ఎక్కువై పరాయిదైపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా? మళ్ళీ తిట్టి లోపలికి పిలిచిందెవరు, ఏ మాటతో? లేక ఇంకా "అండీ" దగ్గరే ఆగిపోయిందా? ఉంటే నాకు చెప్పండి. వాసన పట్టడం రాదు కానీ, వినడం వచ్చు.